తెర మీది గతం, మూడు కాలాలు: చెక్ చలనచిత్రాల్లో చరిత్రను చదివే పద్ధతి

వ్యాససంగ్రహం

చారిత్రక చలనచిత్రాన్ని పరిశీలించే విమర్శకులు సాధారణంగా రెండు కాలాలను లెక్కలోకి తీసుకుంటారు. మొదటిది చిత్రంలో కథ జరిగే కాలం. రెండవది ఆ చిత్రాన్ని తీసిన కాలం. ఇరవయ్యో శతాబ్దపు చెక్ చలనచిత్ర చరిత్రను ఈ రెండింటితోనే వివరించబోతే ముఖ్యమైన విషయాలు జారిపోతాయి. అక్కడ అనేక చిత్రాలు తయారైన వెంటనే ప్రేక్షకుని చేరలేదు. కొన్ని విడుదలైన కొద్దికాలానికే మాయమయ్యాయి, కొన్ని ఇరవై ఏళ్లు ఖజానాలో ఉండిపోయాయి. అందువల్ల ప్రదర్శనకాలాన్ని మూడవ ప్రమాణంగా స్వీకరించాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. 1949 నుండి 1990 వరకు వెలువడిన కొన్ని ప్రధాన చిత్రాల ఆధారంగా ఆ ప్రతిపాదన బలాన్ని, పరిమితులను పరిశీలిస్తుంది.

కీలక పదాలు: చెక్ చలనచిత్రం, చరిత్ర, కథాకాలం, నిర్మాణకాలం, ప్రదర్శనకాలం, నిషేధం, నవతరంగం.

1. ఉపోద్ఘాతం

చారిత్రక చిత్రం విడుదలైనప్పుడల్లా ముందుగా వినిపించే ప్రశ్న, ఇది నిజంగా ఇలాగే జరిగిందా అన్నది. దుస్తులు, భవనాలు, తేదీలు, సంఘటనల వరుస సరిచూసి తీర్పు చెప్పడం ఆ ప్రశ్నకు అలవాటైన జవాబు. ఈ పరిశీలన అవసరమే గాని అది చాలదు. సీగ్‌ఫ్రీడ్ క్రకావర్ 1947లో వెలువరించిన గ్రంథంలో జర్మన్ చిత్రాలను హిట్లర్ రాకకు పూర్వపు సామాజిక మనఃస్థితికి ఆధారాలుగా చదివాడు. ఫ్రెంచి చరిత్రకారుడు మార్క్ ఫెర్రో 1970లలో ఈ మార్గాన్ని విస్తరించి, చలనచిత్రాన్ని అది పుట్టిన సమాజానికి సాక్ష్యపత్రంగా నిలబెట్టాడు. రాబర్ట్ రోసెన్‌స్టోన్ 1988లో రాసిన వ్యాసంలో, తెర మీది చరిత్రను రాతలోని చరిత్రకు పెట్టే కొలమానంతోనే కొలవలేమని వాదించాడు. ఈ ముగ్గురి కృషి వల్ల విమర్శ కథాకాలం నుండి నిర్మాణకాలం వైపు నడిచింది.

అయితే ఈ వాదాల వెనుక ఒక నమ్మకం ఉంది. తీసిన చిత్రం తీసిన కాలంలోనే చూడబడుతుందన్నది ఆ నమ్మకం. చెకోస్లొవేకియా విషయంలో అది నిలవదు. 1969లో తీసిన చిత్రం 1990లో తెరకెక్కితే దానిని ఏ కాలానికి సాక్ష్యంగా భావించాలి? ఇది గ్రంథాలయ పట్టికలో ఏ సంవత్సరం వేయాలన్న చిన్న సమస్య కాదు. సంవత్సరం మారితే చిత్రార్థం మారుతుంది, దర్శకుని గురించి మనం చెప్పే మాట కూడా మారుతుంది.

ఇక్కడ రెండు వివరణలు అవసరం. ఈ వ్యాసంలో 'చెక్ చలనచిత్రం' అన్న మాట 1993కు ముందున్న చెకోస్లొవేకియా చలనచిత్ర వ్యవస్థను ఉద్దేశించినది. స్లొవాక్ భాషాచిత్రం ఒకటి పరిశీలనలోకి రావడానికి కారణం అదే. పరిశోధకులు వెతుక్కోవడానికి వీలుగా చిత్రాల పేర్లు చాలావరకు అంతర్జాతీయ వ్యాప్తిలో ఉన్న ఆంగ్ల రూపాల్లోనే ఉన్నాయి.

2. నేపథ్యం: ఒకే యజమాని ఉన్న పరిశ్రమ

ప్రాగ్ శివార్లలోని బరాందోవ్ స్టూడియోలు 1930లలో రూపొందాయి. వాటిని నిర్మించిన మిలోష్ హవెల్, తరువాతి కాలంలో దేశాధ్యక్షుడైన వాత్స్లావ్ హవెల్‌కు పినతండ్రి. జర్మన్ ఆక్రమణ కాలంలో ఆ స్టూడియోలు నాజీల అదుపులోకి వెళ్లాయి. యుద్ధం ముగిసిన కొద్దినెలలకే, 1945 ఆగస్టులో, అధ్యక్షుడు బెనెష్ ఉత్తర్వుతో చలనచిత్ర పరిశ్రమ మొత్తం జాతీయమైంది. 1948 ఫిబ్రవరిలో కమ్యూనిస్టు పార్టీ అధికారాన్ని పూర్తిగా చేజిక్కించుకోవడానికి ఇది ముందుమాట. కాబట్టి జాతీయీకరణ కేవలం కమ్యూనిస్టు పాలన ఫలితమనే సాధారణ అభిప్రాయం సరికాదు. 1946లో ప్రాగ్‌లో చలనచిత్ర కళాశాల ఫాము ఏర్పడింది. యిర్జీ మెంజెల్, యాన్ న్యెమెట్స్, మిలోష్ ఫోర్మన్, వ్యేరా ఖిటిలోవా తదితరులు అక్కడ చదివినవారే.

ఈ వ్యవస్థకు రెండు ముఖాలున్నాయి. పెట్టుబడి, స్టూడియో, శిక్షణ, పంపిణీ అన్నీ ప్రభుత్వానివే గనుక దర్శకుడు టికెట్ల ఆదాయానికి బందీ కానక్కరలేదు. 1960లలో సాహసప్రయోగాలు సాధ్యం కావడానికి ఇది ఒక కారణం. అదే ప్రభుత్వం వద్దనుకుంటే చిత్రాన్ని మరొక పంపిణీదారు దగ్గరకు తీసుకెళ్లే దారి లేదు. తీయడానికి డబ్బిచ్చిన చేతి దగ్గరే తాళంచెవి కూడా ఉంది. నిర్మాణకాలానికీ ప్రదర్శనకాలానికీ మధ్య ఏళ్ల తరబడి దూరం ఏర్పడడానికి మూలం ఇక్కడ ఉంది.

3. గతం ఎవరి వారసత్వం? వావ్రా, రాడోక్, వ్లాచిల్

1950లలో చరిత్రను తెరకెక్కించిన తీరుకు ఓటకార్ వావ్రా హుస్సైట్ చిత్రత్రయం ప్రతినిధి. 'యాన్ హుస్' 1954లోను, 'యాన్ జిష్కా' మరుసటి ఏడాదిలోను వచ్చాయి. తరువాతిది మూడవ భాగం. 1415లో కాన్‌స్టాన్స్‌లో సజీవదహనమైన మతసంస్కర్త హుస్ ఈ చిత్రంలో వేదాంతిగా కన్న పేదల పక్షాన నిలిచిన సామాజిక విప్లవకారునిగా కనిపిస్తాడు. విద్యామంత్రిగా పనిచేసిన జ్దెన్యెక్ నెయెద్లీ, కమ్యూనిస్టులే చెక్ జాతి మహత్తర సంప్రదాయాలకు వారసులని 1946లోనే ప్రతిపాదించాడు. అలోయిస్ యిరాసెక్ చారిత్రక రచనలకు ప్రభుత్వ ప్రోత్సాహం లభించింది. హుస్ ప్రసంగించిన బెత్లెహేం ప్రార్థనామందిరాన్ని ఆ దశకంలోనే పునర్నిర్మించారు. చిత్రమూ మందిరమూ ఒకే ఆలోచనకు రెండు రూపాలు. ఇక్కడ నిర్మాణకాలం, ప్రదర్శనకాలం ఒకటే. కథాకాలం ఆ రెండింటికీ సేవ చేస్తుంది. పదిహేనో శతాబ్దం ఇరవయ్యో శతాబ్దానికి పీఠికగా మారుతుంది.

దీనికి పూర్తిగా భిన్నమైన మార్గం అల్‌ఫ్రేడ్ రాడోక్ అంతకు ముందే, 1949లో, 'డిస్టెంట్ జర్నీ'లో చూపాడు. యూదు వైద్యురాలు హానా, ఆమెను వివాహమాడిన యూదేతర వైద్యుడు తోనీక్, వారి కుటుంబాలను మింగే తెరెజీన్ నిర్బంధనగరం ఇందులోని ఇతివృత్తం. రాడోక్ తండ్రి, తాత తెరెజీన్‌లో మరణించారు. యుద్ధం ముగిసి నాలుగేళ్లు నిండకుండానే యూదుల సంహారాన్ని కథాచిత్రంగా మలచిన తొలి ప్రయత్నాల్లో ఇది ఒకటి. ఇందులో విమర్శకుని ఆకర్షించే శిల్పవిశేషం తెర విభజన. పాత్రల జీవితం సాగుతూ సాగుతూ ఒక్కసారిగా కుంచించుకుపోయి తెర మూలన చిన్న చతురస్రమవుతుంది. మిగిలిన తెరనంతా నాజీల ప్రచారచిత్రాల దృశ్యాలు ఆక్రమిస్తాయి. రాజ్యం తన గురించి తాను తీసుకున్న చిత్రం ఎంత పెద్దదో, మనిషి బతుకు దాని పక్కన ఎంత చిన్నదో వ్యాఖ్యానం అవసరం లేకుండానే తెలుస్తుంది. చరిత్రగ్రంథాల్లో పెద్ద అక్షరాలకూ అధస్సూచికకూ ఉండే సంబంధాన్ని రాడోక్ తెర మీద ప్రశ్నించాడని చెప్పవచ్చు.

ఈ చిత్రం పూర్తయ్యేనాటికి దేశంలో అధికారం మారింది, సామ్యవాద వాస్తవికత ఒక్కటే ఆమోదయోగ్యమైన రీతిగా స్థిరపడుతోంది. 'డిస్టెంట్ జర్నీ' పరిమిత ప్రదర్శనలతో తెరమరుగైంది. తీసిన కాలంలోనే విడుదలైనా తన కాలపు ప్రేక్షకులకు దక్కని చిత్రం ఇది. 1960లలో యూదుల విషాదాన్ని చిత్రించిన దర్శకులు కొత్త దారి తొక్కారని రాసే సాహిత్యం చాలా ఉంది. ఆ దారిని అంతకు పదిహేనేళ్ల క్రితమే ఒకరు వేశారని, మధ్యలో దానిని మూసివేశారని ప్రదర్శనకాలాన్ని గమనిస్తేనే బోధపడుతుంది.

ఫ్రాంటిషెక్ వ్లాచిల్ 1967లో తీసిన 'మార్కెతా లజరోవా' మరొక మలుపు. దీనికి ఆధారమైన నవలను రాసిన వ్లాదిస్లావ్ వాన్చురాను నాజీలు 1942 జూన్‌లో కాల్చి చంపారు. మధ్యయుగాల దోపిడీ కుటుంబాలు, క్రైస్తవానికీ పాత నమ్మకాలకూ మధ్య నలిగే మనుషులు ఇందులోని వస్తువు. వావ్రా మధ్యయుగం నేటి పాఠం చెప్పడానికి సిద్ధంగా ఉంటుంది. వ్లాచిల్ మధ్యయుగం మనకు సులభంగా అర్థం కాదు. ఎవరు ఎవరికి శత్రువో తెలుసుకోవడానికే ప్రేక్షకుడు శ్రమించాలి. గతానికి తనదైన పరాయితనం ఉందని, దానిని వర్తమానపు వాదానికి సాక్షిగా పిలవడం తేలిక కాదని ఈ క్లిష్టత గుర్తు చేస్తుంది.

4. సామాన్యుని బాధ్యత: రెండు ఆస్కార్ చిత్రాలు

యాన్ కాదార్, ఎల్మార్ క్లోస్ కలిసి తీసిన 'ద షాప్ ఆన్ మెయిన్ స్ట్రీట్' 1965లో వచ్చి, ఉత్తమ విదేశీ భాషాచిత్రంగా ఆస్కార్ పొందింది. కథ 1942లో, నాజీ జర్మనీ నీడలో ఏర్పడిన స్లొవాక్ రాజ్యంలోని చిన్న పట్టణంలో జరుగుతుంది. ఆ ఏడాది ఆ రాజ్యం సుమారు 58 వేల మంది యూదులను దేశం నుండి తరలించింది. తరలించిన ఒక్కొక్కరికి 500 మార్కుల చొప్పున జర్మనీకి చెల్లించడానికి కూడా అంగీకరించింది. కాదార్ తల్లిదండ్రులు ఆష్విట్జ్‌లో మరణించారు. ఇంత భారమైన చరిత్రను చెప్పడానికి దర్శకులు ఎంచుకున్నది ఒక వడ్రంగిని, ఒక గుండీల కొట్టును.

వడ్రంగి తోనో బ్రిత్కో దుష్టుడు కాడు. తోడల్లుడి వర్గానికి చెందిన కొత్త పాలకుల దయవల్ల అతనికి రోజాలియా లౌత్‌మనోవా అనే వృద్ధ యూదు స్త్రీ కొట్టు మీద 'ఆర్య పర్యవేక్షకుడు' అనే హోదా దక్కుతుంది. చెవులు సరిగా వినిపించని ఆ వృద్ధురాలు అతన్ని సహాయకుడనుకుంటుంది. కొట్టులో లాభం లేదని తెలిసినా, యూదు సంఘం ఇచ్చే జీతం కోసం అతడు ఆ భ్రమను కొనసాగనిస్తాడు. ఇద్దరి మధ్య మమకారం పెరుగుతుంది. తరలింపు రోజున ఆమెను దాచాలా అప్పగించాలా అన్న భయంలో, తాగిన మైకంలో, అతడు ఆమెను గదిలోకి తోస్తాడు. ఆమె మరణిస్తుంది, అతడు ఉరివేసుకుంటాడు. దుర్మార్గం చేయని మనిషి కూడా దుర్మార్గం ఇచ్చిన జీతం తీసుకుంటే ఏమవుతుందన్నది ఈ చిత్రం వేసే ప్రశ్న.

నిర్మాణకాలం వైపు తిరిగితే ఈ ప్రశ్న మరింత పదునెక్కుతుంది. 1952 నవంబరులో జరిగిన స్లాన్‌స్కీ విచారణలో 14 మందిని నిలబెట్టి 11 మందిని ఉరితీశారు. ముద్దాయిల్లో 11 మంది యూదు మూలాలున్నవారు. ఆ విచారణకు పత్రికల్లోనూ సభల్లోనూ చప్పట్లు కొట్టిన తరం 1965 నాటి ప్రేక్షకుల్లో ఉంది. బ్రిత్కో 1942 మనిషిగానే తెర మీద ఉన్నా, అతని సంకోచం ప్రేక్షకునికి మరీ దూరపుది కాదు.

మెంజెల్ 1966లో తీసిన 'క్లోజ్లీ వాచ్డ్ ట్రెయిన్స్' దారి వేరు. బొహుమిల్ హ్రబాల్ రచన ఆధారంగా వచ్చిన ఈ చిత్రంలో యువ రైల్వే ఉద్యోగి మిలోష్‌ను బాధించేది జర్మన్ ఆక్రమణ కాదు, ప్రియురాలి ముందు తన పురుషత్వం విఫలమైందన్న సిగ్గు. అతని తాత మంత్రవిద్యతో జర్మన్ ట్యాంకులను ఆపబోయి వాటి కింద నలిగిపోతాడు. సహోద్యోగి టెలిగ్రాఫ్ ఉద్యోగిని శరీరం మీద రైల్వే ముద్రలు వేస్తాడు. అధికారులు విచారణకు కూర్చుంటే వారిని కలవరపెట్టేది నీతి కన్న అధికారభాషకు జరిగిన అవమానం. చివరకు మిలోష్ మందుగుండు రైలును పేల్చి ప్రాణం కోల్పోతాడు. ప్రతిఘటన వీరుల గాథలు అధికారికంగా రూపుదిద్దుకున్న దేశంలో, వీరత్వాన్ని ఇంత యాదృచ్ఛికంగా, ఇంత దేహసంబంధంగా చూపడం ఆ గాథల మీద విమర్శ అవుతుంది. అయినా మెంజెల్ మిలోష్‌ను చులకన చేయడు. నవ్వు ఆగిన క్షణంలో మరణం నిజమవుతుంది.

ఈ చిత్రానికి ఆస్కార్ ప్రకటించినది 1968 ఏప్రిల్‌లో, ప్రాగ్ వసంతపు నడిమధ్య. నాలుగు నెలలకు, ఆగస్టు 20 రాత్రి, వార్సా ఒప్పంద సైన్యాలు దేశంలోకి ప్రవేశించాయి. తాత ట్యాంకుల ముందు చేతులు చాచే దృశ్యాన్ని ఆగస్టు తరువాత చూసినవాడు ఏప్రిల్‌లో చూసినట్లు చూడలేడు. ఒక్క చట్రం కూడా మారకుండా చిత్రం మారిపోయింది.

5. ఖజానాలోని చిత్రాలు

నిషేధానికి గురై దాగిపోయిన చిత్రాలను చెక్ భాషలో ఖజానా చిత్రాలు అంటారు. ధ్వంసం చేయకుండా తాళం వేసి ఉంచడంలో ఒక వైరుధ్యం ఉంది. ప్రభుత్వం వాటిని చూపడానికి భయపడింది, పోగొట్టుకోవడానికి ఇష్టపడలేదు. ఆ వైరుధ్యమే వాటిని మనకు మిగిల్చింది.

మెంజెల్ 'లార్క్స్ ఆన్ ఎ స్ట్రింగ్' చిత్రాన్ని 1969లో పూర్తి చేశాడు. కథాకాలం 1950ల ఆరంభం. క్లాద్నో పట్టణపు ఉక్కుతుక్కు మైదానంలో ఆచార్యుడు, న్యాయవాది, సంగీతకారుడు, పాలవ్యాపారి వంటివారిని 'శ్రమ ద్వారా సంస్కరణ' కోసం చేర్చారు. పక్కనే దేశం దాటబోయి పట్టుబడిన స్త్రీ ఖైదీలు పనిచేస్తుంటారు. కొలిమిలో కరగడానికి పోగుపడిన తుక్కులో టైపురైటర్లు, శిలువలు కూడా ఉంటాయి. ఏ మాటలు, ఏ విశ్వాసాలు కరగబోతున్నాయో ఆ వస్తువులే చెబుతాయి. అయినా చిత్రం నడక విషాదంగా ఉండదు. తుక్కు గుట్టల మధ్య ప్రేమ పుడుతుంది, కావలివాడు కూడా దయనీయుడే. మాయమైన సహచరుడు ఏమయ్యాడని వచ్చిన అధికారిని అడిగిన యువకుడు తానూ మాయమవుతాడు. చివరి దృశ్యంలో ఖైదీలు గనిలోకి దిగుతుంటే పైనున్న వెలుగు క్రమంగా చిన్నదవుతుంది.

ఈ చిత్రం 1990 ఫిబ్రవరిలో బెర్లిన్ ఉత్సవంలో 'బంగారు ఎలుగుబంటి' పురస్కారాన్ని మరొక చిత్రంతో కలిసి పొందింది. 1990 తేదీతో చదివితే ఇది కూలిపోయిన పాలన మీద నిర్భయంగా వేసిన చతురోక్తి. 1969 తేదీతో చదివితే ట్యాంకులు దేశంలో ఉండగా 31 ఏళ్ల దర్శకుడు చేసిన సాహసం. తరువాత అతనికి 1974 వరకు కథాచిత్రం తీసే అవకాశం రాలేదు. మొదటి పఠనంలో నవ్వు విజేతది, రెండవ పఠనంలో ఆ నవ్వుకు వెల ఉంది. మెంజెల్ హాస్యం మృదువైనదని, రాజకీయంగా మెత్తనిదని వచ్చే విమర్శ ఆ వెలను లెక్కించదు.

కారెల్ కాఖిన్యా 1970లో తీసిన 'ది ఇయర్' మరింత క్లిష్టమైన ఉదాహరణ. ఉపమంత్రి లుద్వీక్, భార్య ఆనా ప్రభుత్వ విందు నుండి ఇంటికి వస్తారు. తాళంచెవి కనబడదు, విద్యుత్తు లేదు. తన మంత్రి అరెస్టయ్యాడని విన్న లుద్వీక్ రాత్రంతా కాగితాలు తగలబెడుతూ తన వంతు కోసం ఎదురుచూస్తాడు. ఇంట్లో ఎక్కడెక్కడ రహస్య శ్రవణయంత్రాలు ఉండవనుకున్నారో అక్కడా ఉన్నాయని తెల్లవారాక తెలుస్తుంది. అప్పుడు ఫోను మోగుతుంది. అరెస్టు కాదు, మంత్రిపదవి. ఆనాకు అప్పుడే అసలు భయం మొదలవుతుంది. శిక్షకూ బహుమతికీ తేడా చెరిగిపోయిన పాలనకు ఇంతకన్న సూక్ష్మమైన చిత్రణ అరుదు.

కథారచయిత యాన్ ప్రొఖాజ్కా అధికారవర్గాన్ని దగ్గరగా చూసినవాడు. చిత్రం పూర్తయిన 1970లోనే అతని ఆంతరంగిక సంభాషణల రహస్య ధ్వనిముద్రణలను, అతన్ని అప్రతిష్ఠపాలు చేయడానికి, ప్రభుత్వ టెలివిజన్ ప్రసారం చేసింది. మరుసటి ఏడాది అతడు మరణించాడు. తెర మీద 1950ల భయంగా రాసినది రచయిత జీవితంలో 1970 వాస్తవమైంది. కథాకాలం నిర్మాణకాలాన్ని వచ్చి తాకిన క్షణమది. ఆ చిత్రాన్ని మాత్రం దేశం అప్పుడు చూడలేదు.

6. ప్రపంచ చలనచిత్రంలో సమాంతరాలు

1990లో 'ది ఇయర్' కాన్ ఉత్సవంలో పోటీకి నిలిచింది. అదే పోటీలో పోలండ్ దర్శకుడు రిషార్ద్ బుగైస్కీ 1982లో తీసిన 'ఇంటరాగేషన్' కూడా ఉంది. స్టాలిన్ కాలపు నిర్బంధాన్ని చిత్రించిన ఆ చిత్రమూ 1989 వరకు నిషేధంలోనే ఉంది. అందులో నటించిన క్రిస్తినా యాందాకు ఉత్తమ నటి పురస్కారం లభించింది. సోవియట్ దర్శకుడు అలెక్సాందర్ అస్కోల్దోవ్ 1967లో తీసిన 'కమిస్సార్' ఇరవై ఏళ్ల తరువాత వెలుగు చూసింది. అతడు మరొక కథాచిత్రం తీయలేదు.

దీనిని ఒక రాజకీయ కూటమికే పరిమితమైన లక్షణంగా భావించడం పొరపాటు. ఆక్రమణకాలంలో ఫ్రెంచి సమాజం నడవడిని ప్రశ్నించిన మార్సెల్ ఓఫ్యూల్స్ 'ద సారో అండ్ ద పిటీ' 1969లో టెలివిజన్ కోసం తయారైంది. ఫ్రెంచి టెలివిజన్ దానిని 1981 వరకు ప్రసారం చేయలేదు. ప్రజాస్వామ్యంలో సినిమాశాల అనే రెండవ ద్వారం ఉంది గనుక 1971లోనే పారిస్ ప్రేక్షకులు దానిని చూడగలిగారు. తేడా నిషేధించాలన్న కోరికలో కన్న ద్వారాల సంఖ్యలో ఎక్కువగా ఉంది.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా చెక్ చరిత్రలోనే దొరుకుతుంది. 1970లలో నిర్మించిన 30 భాగాల టెలివిజన్ ధారావాహిక 'మేజర్ జెమాన్' యుద్ధానంతర చరిత్రను పోలీసుల దృష్టితో చెప్పింది. 1999లో చెక్ టెలివిజన్ దానిని వివరణాత్మక కార్యక్రమాలతో కలిపి మళ్లీ ప్రసారం చేసినప్పుడు తీవ్రమైన వివాదం రేగింది. ఖజానా చిత్రాలకు ఆలస్యమైన తొలి ప్రదర్శన ఎంత ముఖ్యమో, ప్రచార చిత్రాలకు పునఃప్రదర్శన అంత ముఖ్యం. ఒక కాలపు ప్రచారం మరొక కాలంలో ఆధారమవుతుంది, కొందరికి తీపి జ్ఞాపకమూ అవుతుంది. ఆ ప్రచారం పాలైనవారికి మాత్రం అది మానని గాయం.

7. పద్ధతి పరిమితులు

మూడు కాలాల పఠనానికి రెండు ప్రమాదాలున్నాయి. మొదటిది, నిషేధాన్ని నాణ్యతకు ధ్రువపత్రంగా భావించడం. తాళం పడిన ప్రతి చిత్రమూ గొప్పది కాదు, విడుదలైన ప్రతి చిత్రమూ లొంగిపోయినది కాదు. 'ద షాప్ ఆన్ మెయిన్ స్ట్రీట్' ప్రభుత్వ ధనంతో తయారై, ప్రభుత్వ అనుమతితో విడుదలై, గొప్ప చిత్రంగా నిలిచింది. రెండవది, చిత్రం చుట్టూ ఉన్న కథలో పడి చిత్రాన్నే మరచిపోవడం. 'డిస్టెంట్ జర్నీ' తెరమరుగైన వైనం ఎంత చెప్పినా, తెర మూలకు కుంచించుకుపోయిన ఆ చతురస్రాన్ని వివరించకపోతే విమర్శ పూర్తి కాదు. ప్రదర్శనకాలం శిల్పవిశ్లేషణకు తోడుగా రావాలి, దాని స్థానాన్ని ఆక్రమించరాదు.

8. ఉపసంహారం

పై పరిశీలనల నుండి తేలిన అంశాలు మూడు. వావ్రా చిత్రాల్లో మూడు కాలాలూ ఒకే మాట చెబుతాయి, అందుకే వాటిలో గతం నిశ్చలంగా ఉంటుంది. కాదార్, క్లోస్, మెంజెల్ చిత్రాల్లో కథాకాలం నిర్మాణకాలాన్ని ప్రశ్నిస్తుంది, గతం వర్తమానపు మనిషి బాధ్యతను అడుగుతుంది. ఖజానా చిత్రాల్లో ప్రదర్శనకాలం విడిపోయి, తొలి ప్రేక్షకులే లేని స్థితి ఏర్పడుతుంది.

ఈ మూడవ స్థితిలోనే విమర్శకుని బాధ్యత ఎక్కువ. 1970లో 'ది ఇయర్' చూసి తమ ఇంటి గోడలను అనుమానంగా చూడవలసిన ప్రేక్షకులు ఆ అనుభవాన్ని పొందలేదు. 1990లో చూసినవారికి గోడలు అప్పటికే కూలిపోయాయి. కోల్పోయిన ఆ చూపును ఏ పురస్కారమూ తిరిగి తేలేదు. ఒక చిత్రం పేరు పక్కన ఒకే సంవత్సరాన్ని వేసి ముందుకు సాగినప్పుడల్లా, నిషేధించినవారు చేసిన పనిని మనం తెలియకుండానే కప్పిపెడుతున్నాం. తీసిన ఏడాదినీ చూపిన ఏడాదినీ పక్కపక్కన రాయడం చిన్న పనిగా కనిపించవచ్చు. ఆ రెండు అంకెల మధ్య ఖాళీలో ఒక దేశపు ఇరవై ఏళ్ల మౌనం ఉంది. దానిని చదవడం చలనచిత్ర చరిత్రకారుని పనిలో భాగం.